వెనక్కి పోని కారు

పాత కారు కొనేవాళ్ళు ఎవరైనా నన్ను సలహా అడిగితే, లోపలి గదిలోంచి మా ఆవిడ నవ్వు వినిపిస్తుంది. ఆ నవ్వు వెనక, నా తెలివితో ముగ్గురి ప్రాణాలను తుపాకీ గొట్టం ముందుకు తోలిన కథ ఉంది. మీరు నిశ్చింతగా నవ్వుకోండి. ఆరోజు మాకు ఆ అవకాశం లేకపోయింది.

ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించిన రోజులవి. నేను ఎలక్ట్రికల్ ఇంజనీరును, మా ఆవిడ సరళ నర్సు. మేముండే ఫర్వానియాలో తెలిసినవాళ్ళంతా ఇరాక్ మీదుగా జోర్డాన్‌కు బయల్దేరుతున్నారు. మాకు కారు లేదు. సబ్హాన్‌లో రిపేరు షెడ్డు నడిపే హైదరాబాదాయన ఒక పాత అమెరికా బండి చవగ్గా ఇస్తానన్నాడు. పక్క గదిలో ఉండే కడప ఓబులేసు కూడా మాతో వస్తానన్నాడు.

"ఎవరైనా మెకానిక్‌కు చూపిద్దామండీ," అంది సరళ.

"ఇంజనీరు మొగుణ్ణి పక్కన పెట్టుకుని మెకానిక్కా?"

సంతలో ఎద్దు పళ్ళు చూసే రైతులా బండి చుట్టూ తిరిగాను. టైర్లు తన్నాను. ఆయిలు వేలికి రాసుకుని వాసన చూశాను. దానివల్ల ఏం తెలుస్తుందో నాకూ తెలియదు గానీ, ముఖం మాత్రం గంభీరంగా పెట్టాను. హారన్, వైపర్లు, ఏసీ, ఆఖరికి సిగరెట్టు వెలిగించుకునే మీట కూడా వదల్లేదు. ఎక్కడో కాల్పులు వినిపించాయి.

"జల్ది చూడుండ్రి సారూ! మిలిట్రోళ్ళు వచ్చిన్రంటే బండీ ఉండది, మనమూ ఉండం," అన్నాడు షెడ్డాయన.

షెడ్డు చుట్టూ ఒకసారి నడిపాను. గుర్రంలా పరిగెత్తింది.

"ఏవండీ, వెనక్కి కూడా పోనిచ్చి చూడండి."

"మనం పారిపోయేది ముందుకే, సరళా!"

ఓబులేసు మెచ్చుకోలుగా తలూపాడు. షెడ్డాయన మాత్రం చటుక్కున తాళాలు నా చేతిలో పెట్టి లోపలికి పోయాడు.

మర్నాడు ఊరు దాటబోతుంటే రోడ్డుకు అడ్డంగా డ్రమ్ములు, పక్కన సైనికులు. ముందు దారి సైన్యానికి మాత్రమేనట. మీసం ఇంకా సరిగా రాని ఒకడు చెయ్యి ఊపాడు: "వరా! వరా!" వెనక్కి పొమ్మని.

రివర్సు వేశాను. ఇంజను పులిలా గర్జించింది. కారు కదల్లేదు. ఇంకా తొక్కాను. అది పల్లం రోడ్డు. బండి మెల్లగా ముందుకు, అతని మీదికే జారింది.

తుపాకీ పైకి లేచింది. నేను బ్రేకు మీద నిలబడ్డాను.

"యాడికి పోతాండావు సార్? కాల్చేస్తాడు!" ఓబులేసు కేక.

"గేరు పడటంలేదయ్యా!"

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, నాకు ముందు తుపాకీ, వెనక్కి గేరే లేదు. ఇంకో ఇద్దరు పరిగెత్తుకొచ్చి గురిపెట్టారు. వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలూ మరిచిపోయాను.

ఇంతలో సరళ తలుపు తీసుకుని, చేతులెత్తి కిందికి దిగింది.

"సరళా, వద్దు!"

ఆమె వినలేదు. రోగులతో మాట్లాడి నేర్చుకున్న అరబ్బీలో ఏదో చెప్పింది. కారును చూపించింది. నన్ను చూపించింది. తర్వాత నుదుటి మీద వేలితో కొట్టుకుంది.

మీసం రానివాడు వంగి నా ముఖంలోకి చూశాడు. "ముహందిస్?" ఇంజనీరువా అని. తలూపాను.

ముగ్గురూ పగలబడి నవ్వారు. తుపాకులు భుజాలకు తగిలించుకుని, "యల్లా, యల్లా" అంటూ మా బండిని మలుపు దాకా వెనక్కి నెట్టారు.

వేరే దారి పట్టి, చాలా దూరం పోయాక సరళను అడిగాను.

"వాళ్ళకేం చెప్పావు?"

"ఉన్నదే చెప్పానండీ. ఈ కారుకు రివర్సు లేదు, కొన్న మా ఇంజనీరు గారికి బుర్ర లేదు అని."

"నమ్మారా?"

"కారు సంగతి నమ్మలేదు. మిమ్మల్ని చూశాక నమ్మారు."

జోర్డాన్ చేరాం, ఇల్లు చేరాం. స్టీరింగు మీద చెయ్యి వేసి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఏ బండి కొన్నా, మనవడి మూడు చక్రాల సైకిలైనా సరే, మొదట వెనక్కి నడిపించే కొంటాను.