ఓణీ వేసుకున్న నాలుగో ప్లేయర్

ఇది ఒక మహాయుద్ధం కథ. ఇందులో తుపాకులున్నాయి, కత్తులున్నాయి, ఆకాశం నుంచి దిగే సైనికులున్నారు. ఒక స్త్రీకి జరిగిన అవమానం ఉంది, ఆమె చేసిన శపథమూ ఉంది. ఇంత విని ఎవరైనా పద్యాలు ఆశిస్తే నా తప్పు కాదు. మెదక్ మార్కెట్ వెనక సందులో, మొబైల్ దుకాణం పైన ఒక గేమింగ్ సెంటర్ ఉంది. ఇది ఆ సెంటర్ ఫ్లెక్సీ గురించిన లొల్లి. సైనికులు ఫోన్లో దిగారు. శపథం మెట్ల మీద చేశాను, అదీ చెప్పులు వెతుక్కుంటూ.

మా టీమ్‌లో నలుగురం: నేను, నాకు తమ్ముడయ్యే మా బాబాయి కొడుకు, వాడి దోస్తులు ఇద్దరు. నలుగురు కలిసి ఆడే ఆటలో ఒకరు మైకులో చెబుతూ ఉండాలి, ఎక్కడ దిగాలో, ఏ ఇంట్లో నక్కాలో, ఎప్పుడు పరుగెత్తాలో. దాన్ని కాలింగ్ అంటారు. ఆ పని నాది. నా గురి అంతంతమాత్రమే. కాని ముగ్గురు మగపిల్లలు ఒకే తలుపులోంచి ఒకేసారి దూరి చావకుండా ఆపగలను. ఇంట్లో పెళ్లిళ్లప్పుడు భోజనాల బంతి దగ్గర నిలబడి జనాన్ని ఆపిన అనుభవం పనికొచ్చింది.

కోపం ఒక్కరోజులో వచ్చింది కాదు. సెంటర్‌లో ఆట అయిపోయాక చర్చ ఉంటుంది, ఆట కన్నా అదే ఎక్కువసేపు నడుస్తుంది. ఒకసారి కొత్త గేమ్ ట్రైలర్ చూస్తున్నాం. మంచుకొండ మీద యుద్ధం. మగ సైనికుడికి కనురెప్పలు తప్ప ఒళ్లంతా ఇనుమే. పక్కనున్న అమ్మాయికి మాత్రం కవచం మధ్యలో ఆగిపోయి, మళ్లీ మోకాళ్ల దగ్గర మొదలైంది.

"గామెకు సలి పెడ్తలేదారా?" అని మా తమ్ముణ్ణి అడిగాను.

"ఫాంటసీ అక్కా గది. గేమ్ల లాజిక్ ఎందుకు?"

"మరి గాయనకెందుకు నిండ కప్పిండ్రు?"

"ఆమెకు పవర్ ఉంటది."

"గా పవర్ నడుముల్నే ఎందుకుందిరా?"

వాడు నన్ను జాలిగా చూశాడు. ఆ తర్వాత ఇంకో గేమ్ వచ్చింది. అందులో నాయిక భుజాలు వెడల్పు, ముక్కు ఒకసారి విరిగి అతుక్కున్నట్టుంది, మెడ మీద కాలిన మచ్చ. అదే తమ్ముడు, అదే కుర్చీలో కూర్చుని, "గిట్ల ఉంటరా ఆడోళ్లు? జర రియల్‌గ ఉండాలె గదా," అన్నాడు. పాపన్నపేటలో మా ఇద్దరికీ మేనత్త ఉంది. ట్రాక్టర్ మీంచి యూరియా బస్తా ఒక్కతే దించుతుంది. వీడు ఆమె ఇంట్లో చికెన్ తిని పెరిగాడు. భుజాలు మాత్రం ఎప్పుడూ చూసినట్టు లేదు.

అనిమేల, అంటే జపాన్ బొమ్మల సీరియళ్ల, సంగతి ఇంకా ఘోరం. ఒకదాంట్లో హీరో వాళ్ల గురువు చచ్చిపోయాడు. హీరో ఒక ఎపిసోడ్ మొత్తం వానలో తడుస్తూ ఏడ్చాడు. మావాళ్లు ముగ్గురూ ముక్కులు తుడుచుకున్నారు, ఏసీ పడలేదన్నారు. ఆ ఏసీ పాడై ఎండాకాలం దాటింది. తర్వాతి ఎపిసోడ్‌లో హీరో పక్కనుండే అమ్మాయి వంతు వచ్చింది. ఆమె ఊరు ఊరంతా కాలిపోయింది. ఆ మాట చెప్పడానికి నోరు తెరవగానే హీరో కాలుజారి ఆమె మీద పడ్డాడు. అందరూ నవ్వారు, పాట వచ్చింది, అయిపోయింది.

"ఊరు కాలిపోయిందిరా. గా ముచ్చట ఎటు పోయింది?"

"మస్తు సీరియస్ చేస్తవక్కా నువ్వు. జర కామెడీ లేకుంటే బోర్ కొడ్తది."

వాడు ఏడిస్తే కథట, ఆమె ఏడిస్తే బోరట. అయినా నేను చూడటం మానలేదు, ఫైట్లు బాగుంటాయి. కోపం ఉన్నంత మాత్రాన వైఫై వదులుకోలేం కదా.

అంతలో సెంటర్ నడిపే అన్న ఆదివారం టోర్నమెంట్ పెట్టాడు. చేగుంట నుంచి ఒక టీమ్, పాపన్నపేట నుంచి ఒకటి వస్తున్నాయి. మా ఊళ్లో ఫ్లెక్సీ కట్టనిదే ఏ పనీ జరిగినట్టు లెక్క కాదు. కాబట్టి సెంటర్ టీమ్‌గా మా నలుగురి ఫోటోలతో ఫ్లెక్సీ కొట్టించాలన్నాడు. ఫోటోలు పంపే పని మా తమ్ముడు నెత్తినేసుకున్నాడు. నాది వాడికి వాట్సప్ చేశాను.

శుక్రవారం ఫ్లెక్సీ వచ్చింది. నేల మీద పరిచారు. ఎడమ నుంచి ముగ్గురు మగపిల్లలు, నల్ల కళ్లద్దాలు, కట్టుకున్న చేతులు, ఎంపీటీసీకి నిలబడ్డట్టు. కుడి చివర నాలుగోది నేను కావాలి. అక్కడ గులాబీ జుట్టు అనిమే బొమ్మ ఉంది. మొహంలో సగం కళ్లే. చేతిలో ఆమెకంటే పెద్ద తుపాకీ. ఒంటి మీద చేతిరుమాలంత గుడ్డ. ఆ గుడ్డ మీదుగా ఏటవాలుగా, జరీ అంచుతో, ఎర్రటి పట్టు ఓణీ.

"నా ఫోటో ఏది?"

"నీ మంచికే అక్కా," అన్నాడు తమ్ముడు. "ఆడపిల్ల ఫోటో బజార్ల కడ్తే మంది ఏమంటరు? గందుకే స్టైల్‌గ బొమ్మ ఏపిచ్చిన."

"ఎవర్నడిగి?"

"అడిగేదేముంది? అందరు గట్లనే ఏస్తరు గదా."

అది నిజమే, అందుకే ఇంకా మండింది. మా దగ్గర ఏ ఫ్లెక్సీ చూసినా ఆడపిల్ల ఉండాల్సిన చోట గులాబీ పువ్వుంటుంది. సర్పంచి ఆమె అయితే ఫోటో ఆయనది, ఆమె పేరు కింద సన్నగా. ఆ లెక్కన నాకు ప్రమోషనే వచ్చింది, పువ్వు బదులు తుపాకీ ఇచ్చారు.

అక్కడితో ఆగినా బాగుండేది. మిగతా ఇద్దరికి కూడా కోపం వచ్చింది, ఓణీ మీద.

"ఒరిజినల్ డిజైన్ ఖరాబ్ చేసిండన్నా. గిది సెన్సార్ గాదా?"

"ఉండనీయిరా," అన్నాడు సెంటర్ అన్న. "రేపు ఎవరన్న పెద్దమనిషి లొల్లి పెడ్తే నువ్వొస్తవా?"

ఓణీ ఉండాలా, తియ్యాలా, తీస్తే ఎంతవరకు తియ్యాలి అని నలుగురూ చాలాసేపు మాట్లాడుకున్నారు. గీసిన పిల్ల ఒంటి మీద ఎంత గుడ్డ ఉండాలన్న దానిపై అందరికీ అభిప్రాయముంది. ఎదురుగా నిలబడ్డ పిల్లకు మొహం ఉండాలా అన్నది చర్చకే రాలేదు. నేను బయటికొచ్చి మెట్ల మీద చెప్పులు వెతికాను. ఒక చెప్పు దొరికింది.

"నా మొహం పడేదాక కాలింగ్ చెయ్య. ముగ్గురు కలిసి పోయి చెరువుల దిగుండ్రి."

"ఎల్లుండే మ్యాచ్ అక్కా. గింత దానికి..."

"ఇంకో చెప్పు ఏదిరా?"

సాయంత్రం అమ్మ స్కూటీ మీద వస్తే వెనక కూర్చుని అంతా చెప్పాను. సిగ్నల్ దగ్గర అమ్మ బండి ఆపింది. "వాని ఫోటో ఏసిండ్రా?" అని అడిగింది. వేశారన్నాను. "వాని మొహమే బజార్ల కట్టంగ లేనిది, నీకేమైంది?" అని బండిని ఫ్లెక్సీ షాపు వైపు తిప్పింది.

షాపు కాకకు తన పనితనం మీద గర్వంగా ఉంది.

"చర్చికి పోయేటోళ్లందరు చూస్తరు బిడ్డా. గట్ల బట్టల్లేకుంట ఎట్ల కడ్తరు? ఓణీల ఫంక్షన్ ఫైల్లకెళ్లి తీసి ఏసిన. మంచిగ కూసుంది."

"నా ఫోటో ఏస్తే గీ పరేషానే లేకుండె గదా కాకా. నేను బట్టలేసుకునే దిగిన."

కాక ఫైలు మళ్లీ తెరిచి చూశాడు. "నిజమే. మీ తమ్ముడు ఇయ్యలేదు మరి."

ఫ్లెక్సీ మళ్లీ కొట్టడం కుదరదన్నాడు. నా ఫోటోను స్టిక్కర్‌గా తీసి, శనివారం సెంటర్‌కి వచ్చి బొమ్మ మీద అతికించాడు. నా చెవి వెనక గులాబీ జుట్టు పాయ ఒకటి మిగిలింది, మెడ కింద ఎర్ర అంచు. గెలిచాననిపించాలి. అనిపించలేదు. ఆ ముగ్గురి మొహాలు అడక్కుండానే అచ్చయ్యాయి, నాది మాత్రం అతుకు. అయినా మాట మాటే కాబట్టి కాలింగ్ చేస్తానని తమ్ముడికి చెప్పాను. "గింత దానికి" అని వాడు మళ్లీ అనలేదు.

ఆదివారం పొద్దున వెళ్లేసరికి ఫ్లెక్సీ కట్టేశారు. షట్టర్‌కీ మెట్లకీ మధ్య గోడ ఆరడుగులు. ఫ్లెక్సీ ఎనిమిది, మనిషికి రెండు చొప్పున. కుడివైపు రెండడుగులు వెనక్కి మడిచి తీగతో కట్టారు.