మూడు కుక్కలు కూర్చున్నాయి, నేను దూకాను

నా కాళ్ళతో నేనే నా కొంపను ఎలా కూల్చుకున్నానో చెబుతాను, వినండి. మధ్యలో నవ్వొస్తే మొహమాటపడకండి. అల్మాస్‌గూడ మైదానంలో అంతమంది జనం, మైకు పట్టుకున్నాయనతో సహా, పొట్ట పట్టుకుని నవ్వేశాక ఇక మీరు నవ్వితే కొత్తగా పోయే పరువేమీ నా దగ్గర లేదు.

ఇప్పుడు నేను మీర్‌పేటలో ఒంటి గదిలో ఉంటున్నాను. గది అద్దంలా ఉంటుంది. నల్ల ప్యాంటు వేసుకుంటే సాయంత్రం దాకా అది నల్లగానే ఉంటుంది. చెప్పులు విడిచినచోటే ఉంటాయి, అదీ రెండూ. అన్నం తింటుంటే నా ముద్ద వంక ఎవరూ చూడరు. "ఇంకేం, హాయి కదా" అంటారు మీరు. మీకేం, అంటారు. ఒక్క వెంట్రుకైనా లేని ఆ ప్యాంటు చూస్తే నాకు ఏడుపొస్తుంది.

మూడేళ్ళ క్రితం కొత్తపేటలో ఒక పెంట్‌హౌస్‌లో ఉండేవాణ్ణి. పెంట్‌హౌస్ అనగానే ఏదో ఊహించుకునేరు. డాబా మీద ఒక గది, దాని పక్కన నీళ్ళ ట్యాంకు, మిగతా అంతా ఎండ. నాతోపాటు మూడు కుక్కలు. పెద్దది రాణెమ్మ. అది లాబ్రడార్ అని దాన్ని నాకంటగట్టినాయన చెప్పాడు, రాణెమ్మ మాత్రం ఏనాడూ అలా చెప్పుకోలేదు. మిగతా ఇద్దరూ అన్నదమ్ములు, బిత్తిరి, గుండు. కొత్తపేట పండ్ల మార్కెట్టు తరలిపోయినప్పుడు లారీలు వెళ్ళాయి, వ్యాపారులు వెళ్ళారు, మామిడికాయల గడ్డి కింద ఈ రెండు పిల్లలు మిగిలిపోయాయి. చొక్కాలో వేసుకుని మేడ ఎక్కించాను.

నా ఉద్యోగం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో రీజనింగ్ చెప్పడం. పొద్దున క్లాసులు, సాయంత్రం క్లాసులు, మధ్యాహ్నం ఖాళీ. ఖాళీగా ఉన్నవాడు ఫోను చూస్తాడు కదా, నేనూ చూశాను. విదేశాల్లో కుక్కలు అడ్డకర్రల మీంచి దూకుతున్నాయి, గుడ్డ సొరంగాల్లోంచి దూసుకుపోతున్నాయి. తిట్టడం లేదు, కొట్టడం లేదు, గొలుసు గుంజడం లేదు. మంచి పని చేసిన క్షణంలోనే టిక్కుమని ఒక చప్పుడు, వెంటనే నోట్లో ఒక ముక్క. చెడ్డ పని చేస్తే చూడనట్టు ఊరుకోవడం. అంతే! అదే వారం అల్మాస్‌గూడలో కుక్కల ఆటల పోటీ పెడుతున్నారని తెలిసింది. ఇంకా నెల రోజులుంది. మూడు కుక్కల జట్టుగా పేరిచ్చేశాను.

టిక్కుమనే డబ్బీ కొనడం దేనికని బాల్‌పెన్ను వాడాను. జేబులో ఉడకబెట్టిన కార్జం ముక్కలు. ప్లాస్టిక్ పైపులు ఇటుకల మీద పెట్టి డాబా మీద అడ్డాలు కట్టాను. "దుంకు బిడ్డా" అన్నాను. రాణెమ్మ పైపును వాసన చూసి పడుకుంది. బిత్తిరి పైపు కొరికాడు. గుండు పైపును చూసి భయపడి ట్యాంకు వెనక్కి పోయాడు.

బలవంతం చెయ్యకూడదు, చేసి చూపించాలి అని వీడియోలో చెప్పారు. సరే అని నేనే దూకాను. వెనక్కి తిరిగి చూస్తే మూడూ వరసగా కూర్చుని, చెవులు నిక్కించి నన్నే చూస్తున్నాయి. నా విద్యార్థులు ఒక్కరోజు కూడా నన్ను అలా చూడలేదండీ! "ఆహా, ఏం ఏకాగ్రత!" అనుకున్నాను. ఏకాగ్రత మంచి పనే కదా? మంచి పనికి మెప్పు ఇవ్వాలి కదా? టిక్. ముక్క. టిక్. ముక్క. టిక్. ముక్క.

మీకు అప్పుడే అర్థమైపోయింది కదూ? నాకు నెల పట్టింది. రీజనింగ్ చెప్పేవాణ్ణి మరి.

రోజూ మధ్యాహ్నం రెండున్నరకు మొదలు. నేను దూకుతాను, అవి కూర్చుని చూస్తాయి, నేను పెడతాను. రేపు దూకుతాయిలే అనుకుంటాను. పదో రోజుకు అవి ఎంత బాగా కూర్చునేవంటే పక్క డాబా మీద పిల్లి నడిచినా కళ్ళు తిప్పేవి కావు. ఆ పిచ్చి నన్ను క్లాసులో కూడా వదల్లేదు. ఒక అమ్మాయి రక్తసంబంధాల లెక్కకు ఠక్కున జవాబు చెప్పింది. నా చేతిలో బాల్‌పెన్ను టిక్కుమంది, చెయ్యి జేబులోకి పోయింది, కార్జం ముక్క ఆమె నోటుబుక్కు మీద పెట్టేశాను.

"ఏంది సార్ ఇది?"

"కార్జం."

"నాకెందుకు సార్?"

"కరెక్ట్ చెప్పినవ్ కదమ్మా."

ఆ రోజు ఇక పాఠం సాగలేదు.

ఇలా ఉండగా ఒక సాయంత్రం ఇంటి ఓనరు కామేశ్వరి ఆంటీ మెట్లెక్కి వచ్చింది. వాళ్ళది భీమవరం వైపు. ఇక్కడికొచ్చి ముప్ఫై ఏళ్ళయినా అక్కడి మాట అలాగే ఉంది. నా డాబా కిందే వాళ్ళ పడకగది. ఆవిడ భర్త మూర్తి అంకుల్‌కు రాత్రుళ్ళు సరిగ్గా నిద్ర పట్టదు, మధ్యాహ్నం కునుకే ఆయనకు ఆధారం.

"ఏవయ్యా రమేషూ, నీ కుక్కలు మా నెత్తి మీద అలా గెంతుతున్నాయేవిటయ్యా? రోజూ మధ్యాహ్నం దబదబా, దబదబా! మీ అంకుల్‌గారు ఉలిక్కిపడి లేచి కూర్చుంటున్నారు. ఫ్యాను ఊగిపోతోంది."

"నా కుక్కలా? ఛ ఛ, అవి అస్సలే కదలవు ఆంటీ."

"మరి గెంతేదెవరు, ట్యాంకా?"

నేను అబద్ధమాడానని అనుకోకండి. నా మనసుకు నిజంగా తట్టలేదు. నేను దూకితే చినుకు రాలినంత మెత్తగా వాలుతున్నానని అప్పట్లో నా నమ్మకం. డెబ్బై ఎనిమిది కిలోల చినుకు.

"చూడు బాబూ, నాకూ వాటి మీద కోపం లేదు. ఆకివీడు దగ్గర మా అన్నయ్యకి చేపల చెరువులున్నాయి. కాపలాకి కుక్కలు కావాలంటున్నాడు. మూడింటినీ పంపించేద్దాం. అక్కడ బోలెడంత చోటు."

గుండుకు బకెట్లో నీళ్ళు చూస్తేనే వణుకు. వాడు చేపల చెరువుకు కాపలానా? రాణెమ్మ నా కాలి మీద తల పెట్టనిదే పడుకోదు. అక్కడ దానికి కాలెవరిస్తారు?

"జర ఆగుండ్రి ఆంటీ. వచ్చే ఆదివారం అల్మాస్‌గూడల పోటీ ఉంది. మీరే వచ్చి మీ కండ్లతోని చూడుండ్రి, నా మాట ఇంటయో ఇనవో. ఇనకుంటే మీరెట్లంటే అట్ల."

"తర్వాత మాట మార్చవు కదా?"

"మార్చ ఆంటీ. ఒట్టు."

ఆ చివరి వారం నేను పడ్డ కష్టం ఏ క్రీడాకారుడూ పడి ఉండడు. మూడింటినీ దగ్గరుంచుకోవాలంటే అవి దూకాలి. అవి దూకాలంటే నేను ఇంకా బాగా చూపించాలి. కాబట్టి రెండింతలు దూకాను. కింద ఫ్యాను రెండింతలు ఊగింది. అంకుల్ దుప్పటి, దిండు పట్టుకుని వంటింట్లోకి మారిపోయారట.

ఆదివారం వచ్చింది. మైదానంలో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, మొదటి వరసలో హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కామేశ్వరి ఆంటీ. రకరకాల జాతి కుక్కలు, వాటి కంటే ఎక్కువ మొరిగే యజమానులు. మా వంతు వచ్చింది. మూడింటినీ గీత దగ్గరికి తీసుకుపోయాను. చక్కగా వరసగా కూర్చున్నాయి. జడ్జి మేడం టోపీ సర్దుకుని విజిల్ ఊదింది.

"పాండ్రి!" అన్నాను.

పోలేదు.

"దుంకుండ్రి బిడ్డా!"

రాణెమ్మ తల పక్కకు వంచింది. నువ్వు మొదలుపెట్టు, మేం సిద్ధమే అన్నట్టుంది ఆ చూపు. ఒక్కసారి చూపిస్తే గుర్తొస్తుందిలే అని మొదటి అడ్డం దూకాను. తిరిగి చూశాను. మూడూ కూర్చున్నాయి. రెండోది దూకాను. జనంలో ఎవరో ఈల వేశారు. మైకు పట్టుకున్నాయన అందుకున్నాడు:

"చూడుండ్రి, ఓనర్ సాబ్ మూడో అడ్డం గూడ దాటిండు! మస్తు స్పీడుగున్నడు! కుక్కలు మాత్రం ఇంక ఆలోచన చేస్తున్నయ్!"

మనిషి అక్కడితో ఆగాలి. నేను ఆగలేదు. నీలం గుడ్డ సొరంగంలోకి దూరాను. అది కుక్కల కోసం కుట్టిన సొరంగం. నడుము దగ్గర పట్టేసింది. "ఓనర్ సాబ్ లోపలే ఉన్నడు, ఎవరు పరేషాన్ కావొద్దు" అంటోంది మైకు. ఇద్దరు కలిసి అటు చివర గుడ్డ గుంజితే మట్టికొట్టుకుపోయి బయటపడ్డాను. లేచి చూస్తే అవి గీత దగ్గరే ఉన్నాయి. పక్కన ఒక డాబర్‌మాన్ గొలుసు తెంపుకుని అరుస్తోంది. ఎవరో మిర్చిబజ్జీ జారవిడిస్తే అది బిత్తిరి ముక్కు ముందే పడింది. వాడు దానివైపు కన్నెత్తి చూడలేదు. నన్నే చూస్తున్నాడు.

జడ్జి మేడం దగ్గరికొచ్చింది.

"సార్, దుంకాల్సింది మీరు కాదు."

"తెల్సు మేడం. వాటికి యాది చేస్తున్న."

"ఎన్ని రోజుల సంది?"

"నెల రోజుల సంది."

"మీరు దుంకినాంక వాటికేమన్న పెడ్తరా?"

"ఆఁ, కార్జం పెడ్త."

ఆమె కుక్కల్ని చూసింది, నన్ను చూసింది. టోపీ తీసి తల గోక్కుంది.

"మీకు అవి మస్తు మంచిగ నేర్పినయ్ సార్."

జట్టు పేరు కొట్టేశారు. కానీ నా బెంగ దాని గురించి కాదు. ఆంటీ కుర్చీలోంచి లేచి వస్తోంది. ఆకివీడు బస్సు ఎన్నింటికో అని అప్పుడే లెక్కలు వేసుకుంటున్నాను. ఆవిడ తిన్నగా కుక్కల దగ్గరికి పోయి రాణెమ్మ తల నిమిరింది.

"ఇంత నిమ్మళంగా కూర్చున్న జీవాల మీదనా నేను నింద వేసేను! పాపం, నోరు లేనివి." అని నా వైపు తిరిగింది. "ఏవయ్యా, ఇన్నాళ్ళూ మా నెత్తిన గెంతింది నువ్వా?"

"ప్రాక్టీసు ఆంటీ."

"కుక్కలు ఉంటాయి. నువ్వు ఖాళీ చెయ్యి."

పరాచికమనుకున్నాను. కాదు. ఇక దూకనని ఒట్టేసినా ఆవిడ వినలేదు. ఆ తర్వాతి నెల అంకుల్‌కు బీపీ చూసిన డాక్టరు కూడా నిద్ర ముఖ్యమన్నాడట. ఇక ఇల్లు వెతకడం మొదలుపెట్టాను. దిల్‌సుఖ్‌నగర్ సందుల నుంచి ఎల్బీనగర్ దాకా తిరగని గల్లీ లేదు. "కుక్కలున్నయా?" అని అడుగుతారు. "మూడే" అంటాను. తలుపు వేసేస్తారు. ఆఖరికి మీర్‌పేటలో దొరికింది. ఆ ఓనరు చేపల తొట్టి కూడా పెట్టొద్దన్నాడు. "మంచి ఇల్లు దొరికేదాకా వీటిని ఇక్కడే ఉంచు, మేం చూసుకుంటాం" అంది ఆంటీ. మూడేళ్ళయింది, ఇంకా వెతుకుతూనే ఉన్నాను. ఆదివారం ఆదివారం పోయి చూసొస్తాను. రాణెమ్మ ముసలిదైపోయింది. ఇప్పుడు మూర్తి అంకుల్ కాలి మీద తల పెట్టుకుని పడుకుంటుంది. ఆయనకు మధ్యాహ్నం మంచి నిద్ర పడుతోందట. సంతోషమే. కానీ ఆ కాలు నాది కావలసింది.

అయితే అసలు దెబ్బ నేను ఖాళీ చేసిన రోజు తగిలింది. ట్రాలీ ఆటోలో పరుపు, కుక్కరు, పుస్తకాలు ఎక్కించాను. మూడూ నాతోపాటు గేటు దాకా వచ్చాయి. వెంటపడతాయి, ఆటో ఎక్కుతాయి, గొడవ చేస్తాయి, ఎలా విడిపించుకోవాలి అని ముందురోజంతా ఆలోచించి పెట్టుకున్నాను. గేటు దాటి రెండడుగులు వేసి తిరిగి చూశాను.

కూర్చున్నాయి. వరసగా, చెవులు నిక్కించి.

కావాలనే నెమ్మదిగా నడిచాను. ఆటో ఎక్కి కూర్చుని, "జర ఆగన్నా" అన్నాను.

"ఏంది సార్, ఏమన్న మర్సిపోయిన్రా?" అన్నాడు డ్రైవరు.

"లేదన్నా. ఊకెనే."

ఒక్కటి లేచినా చాలు, సామానంతా దింపేద్దును. గుండు తోక మట్టిలో అటూ ఇటూ ఆడుతోంది. వాడి లెక్క ప్రకారం నేను ఈసారి కొంచెం దూరం దూకి, తిరిగొచ్చి ముక్క పెడతాను. ఆటో కదిలింది. సందు మలుపు తిరిగేదాకా చూశాను, మూడూ చూశాయి, ఏదీ లేవలేదు.

వెనక నుంచి కామేశ్వరి ఆంటీ కేక వినిపించింది.

"చూసేవా రమేషూ, ఒక్క అడుగైనా కదల్లేదు! ఎంత బాగా నేర్పేవయ్యా!"

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, తూర్పు దిక్కుకు తిరిగి, రెండు చేతులూ జోడించి, పూర్తి స్పృహతో శపథం చేస్తున్నాను: నేను వెళ్ళిపోతుంటే కదలకుండా కూర్చోవడమనే విద్యను ఈ జన్మలో ఇంకే ప్రాణికీ నేర్పను.