పొట్టేలు కోసం రాలే

నైజాం పోయి కొన్నేళ్లయిన ఆ రోజుల్లో దేవుడికీ మాకూ మధ్య పెద్దగా గొడవలేమీ ఉండేవి కావు. ఆదివారం మేము గుడికి వెళ్లేవాళ్లం, ఆయనా వచ్చాడనే నమ్మేవాళ్లం. మక్తల్ దగ్గర మా ఊళ్లో గుడి అంటే బండరాళ్ల గోడలు, పైన రేకులు, కింద జంబుఖానా. దాని మీద ఎవరి జాగా వారిదే. పాస్టరయ్య నెలకోసారి వచ్చేవారు. మిగతా వారాలు సంఘపెద్ద అయిన మా బాపుదే ప్రార్థన. అది ఎప్పుడూ ఒకటే. పరదేశం వెళ్లిన దొరగారిని కాపాడమనడంతో మొదలై (మా గుడి కట్టించిన ఆ తెల్లదొర ఎప్పుడో ఓడెక్కి పోయాడు, ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు), వాన కురిపించమని అడిగి (బయట ముసురు పట్టినా సరే), వాగవతలి వారికి నీ ప్రేమ తెలియజేయమనడంతో ముగిసేది. దొరగారి దగ్గర కళ్లు మూసిన మా పెద్దమ్మ హాయిగా కునుకు తీసి, సరిగ్గా వాగు దగ్గర లేచి, అందరికంటే గట్టిగా ఆమెన్ అనేది.

నేను అప్పుడే పాలమూరులో ట్రెయినింగు ముగించుకుని మా ఊరి బడిలో పంతులమ్మగా చేరాను. ఉడుకు రక్తం. ఆ ప్రార్థన విన్న ప్రతిసారీ ఒంటిమీద జెర్రులు పాకినట్టుండేది. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి: కొన్నాళ్లుగా దొరగారి దగ్గర నాకూ నిద్ర వస్తోంది. ఇలాగే కూర్చుంటే నా విశ్వాసాన్ని కూడా జంబుఖానాతో పాటు చుట్టి మూల పెట్టేస్తారనిపించింది. ఒక ఆదివారం ఆమెన్ కాగానే ఆగలేక లేచి నిలబడ్డాను.

"వాగవతలికి దేవుణ్ణి పొమ్మంటున్నం. మనమెప్పుడు పోతం బాపు?"

గుడిలో ఉన్నవాళ్లందరికీ ఒక్కసారిగా మేపాల్సిన మేకలు, మోకాళ్ల నొప్పులు గుర్తొచ్చాయి. బాపు మాత్రం తలపాగా చుట్టుకుని, నడువు బిడ్డా అన్నాడు.

ఎండాకాలం, వాగులో ఇసుక కాలుతోంది. దారి పొడవునా మనసులో ప్రసంగం దిద్దుకుంటూ నడిచాను. అవతల గొల్లల ఇళ్ల దగ్గర ఒకాయన మమ్మల్ని చూడగానే మంచం వాల్చి, గబగబా దొడ్లోకి పోయి, ఒక పొట్టేలును కొమ్ములు పట్టుకుని లాక్కొచ్చాడు.

"మీ పండుగ ఇంకా శానా దూరమున్నది గదా, గిప్పుడే వచ్చిన్రేంది? అయినా చూడున్రి, అప్పటిదాంక నేనే మేపి ఇస్త" అంటూ దాని వీపు నొక్కి కండ చూపించాడు. ప్రతి ఏడూ క్రిస్మస్ ముందు పొట్టేలు బేరానికి తప్ప మావాళ్లెవరూ వాగు దాటి ఎరగరు మరి.

"పొట్టేలు కోసం రాలే మామా, ప్రార్థన చెయ్యనీకి వచ్చినం" అన్నాను. ఆయన ఆశ్చర్యంగా చూసి, తన తల్లి జ్వరంతో మంచాన పడిందనీ, చేసేదేదో ఆమె దగ్గర చేయమనీ లోపలికి తీసుకెళ్లాడు. ముసలమ్మ పక్కన నిలబడి కళ్లు మూసుకున్నాను. దిద్దుకున్న ప్రసంగం ఎటుపోయిందో పోయింది. నోరు తెరిస్తే వచ్చింది ఒకటే, పరదేశం వెళ్లిన దొరగారిని కాపాడమని. ముసలమ్మ కళ్లు తెరిచింది.

"దొరకేమైంది బిడ్డా? జరమొచ్చింది నాకు గదా."

బాపు నవ్వలేదు. మంచం పట్టె మీద కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని, ఏం తిన్నదో, ఎక్కడ నొప్పో అడిగి, అదే దేవుడికి చెప్పాడు. దేవుడితో బాపు కొత్త మాట మాట్లాడగా వినడం నాకదే మొదలు, ఏడుపొచ్చింది. తర్వాతి ఆదివారం బాపు ప్రార్థనలో దొరగారి జాగాలోకి ముసలమ్మ వచ్చింది. ఆమె కోలుకున్నాక ఆమె కోడలి కాన్పు వచ్చింది. ఆమెన్ ఎప్పుడొస్తుందో తెలియక పెద్దమ్మకు నిద్ర కరువైంది (అందుకు నన్ను చాన్నాళ్లు క్షమించలేదు).

ఇప్పుడు మా గుడిలో ఫ్యాన్లున్నాయి. కిటికీ పక్క కుర్చీ నాది. పెద్దదాన్నని ప్రార్థన కూడా నన్నే చేయమంటారు. మొన్న ఆదివారం నేనింకా ముగించకముందే వెనక కూర్చున్న చిన్నపిల్ల ఆమెన్ అనేసింది. నా ప్రార్థన ఎక్కడ ఆగుతుందో దానికి కంఠతా వచ్చు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను గానీ ఆ పూట అన్నం సయించలేదు. అప్పటినుంచీ దొరకేమైందని నా చెవిలో ఆనాటి ముసలమ్మ అడుగుతూనే ఉంది. అందుకే ఇప్పుడు చెప్పులు వెతుక్కుంటున్నాను. మోకాళ్లు వద్దంటున్నాయి, కానీ వాగు మీద వంతెన పడింది కనుక వాటి మాట చెల్లదు. అవతలివాళ్లు నన్ను చూసి పొట్టేలును బయటికి లాగకుండా ఉంటే అంతే చాలు.