మరిది చెప్పిన సాక్ష్యం

2024 వానకాలం. గద్వాల కోర్టులో మా సీనియర్ వెనక ఫైళ్లు పట్టుకుని తిరుగుతున్న రోజులవి. నాకు నలభై ఎనిమిదేళ్లు. ఎల్ఎల్‌బీ చివరి సంవత్సరం. ఆ కోర్సులో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. అంటే ఒక వకీలు దగ్గర కొన్నాళ్లు ఉండి కోర్టు పని చూడాలి. నా వయసులో చాలామంది వకీళ్లు సీనియర్లయిపోతారు. నేను తెల్ల చొక్కా, నల్ల టై కట్టుకుని, గౌను వేసుకునే అర్హత ఇంకా రాక, చివరి బెంచీలో కూర్చునేవాణ్ని. కోర్టుకొచ్చినవాళ్లు నా నెరిసిన తల చూసి నమస్కారం పెట్టి, తర్వాత సంగతి తెలిసి కొంచెం చిన్నబోయేవాళ్లు.

అంతకుముందు నేను సినిమా హాల్లో ఆపరేటర్ని. రీళ్ల కాలం నుంచి డిజిటల్ దాకా ప్రొజెక్టర్ గదిలోనే బతుకు గడిచింది. లాక్‌డౌన్ తర్వాత హాలు మళ్లీ తెరుచుకోలేదు, ఫంక్షన్ హాలయింది. కోర్టు ఎదురుగా జిరాక్స్ షాపు పెట్టుకున్నాను. జనం తెచ్చే పిటిషన్లు కాపీలు తీస్తూ తీస్తూ చదవడం అలవాటైంది. మా అమ్మాయి ఇంటర్ పుస్తకాలు సర్దుతుంటే నేను లా ప్రవేశ పరీక్ష లాసెట్ పుస్తకం కొన్నాను. ప్యాసింజర్ బండెక్కి పాలమూరు పోయి కాలేజీలో కూర్చుంటే, పక్కనున్న పిల్లలు మొదటి ఏడాది అంకుల్ అన్నారు, రెండో ఏడాది నోట్సుల కోసం సార్ అన్నారు. వాళ్లు నల్ల కోటు కొన్న రోజే దాంతో రీల్స్ తీసుకున్నారు. వెనక హీరో నడిచొచ్చే మ్యూజిక్కు. నేను నవ్వలేదు. నాక్కూడా కోర్టంటే తెర మీద చూసిందే. ప్రొజెక్టర్ గది కిటికీలోంచి ఎన్నిసార్లు చూశానో. వాదన ఓడిపోతుందనగా తలుపు తోసుకుని సాక్షి రొప్పుతూ వస్తాడు, హాలంతా ఈలలు వేస్తుంది.

గద్వాల కోర్టు హాల్లో ఫ్యాన్లు గట్టిగా తిరుగుతాయి. సాక్షి మాట రెండో వరుస దాకా వినబడదు. మేజిస్ట్రేట్ మేడం సాక్షి చెప్పింది విని, దాన్ని ఇంగ్లీషులోకి మార్చి టైపిస్టుకు చెబుతారు. టైపైందే సాక్ష్యం. మిగిలింది గాలి.

జములమ్మ కేసు అక్కడికే వచ్చింది.

ఆమెది బీచుపల్లికి కాస్త ఇవతల, హైవే ఎక్కే దారిలో ఉన్న ఒక పల్లె. ముప్పై ఐదేళ్లుంటాయి. విత్తనాల కోసం పూలకు పూలు కలిపి పండించే సీడు పత్తి చేలల్లో కూలికి పోతుంది. ఆమె భర్త ఈరన్న ఒక సాయంత్రం తమ్ముడు తిమ్మప్పను వెనక ఎక్కించుకుని మోటార్ సైకిల్ మీద ఇంటికి వస్తుంటే ఇసుక టిప్పర్ గుద్దింది. ఈరన్న చనిపోయాడు. తిమ్మప్పకు మోకాలి కింద కాలు తీసేశారు. టిప్పర్ నడిపింది దాని ఓనరు కొడుకు, డిగ్రీ చదివే కుర్రాడు. దవాఖానాలో తిమ్మప్ప ఇచ్చిన ఫిర్యాదు మీదే కేసు నమోదైంది. అజాగ్రత్తగా బండి నడిపి ప్రాణం తీసినందుకు ఓనరు కొడుకు ముద్దాయి.

ఇలాంటి కేసు ప్రభుత్వం తరఫున సర్కారు వకీలు నడుపుతాడు. ఆయనకు తోడుగా ఉండమని జములమ్మ మా సీనియర్ని పెట్టుకుంది. కేసు కోర్టుకెక్కిన దగ్గర్నుంచి వాయిదాల మీద వాయిదాలు. ప్రతి వాయిదాకూ ఆమె కూలి మానుకుని వచ్చేది. మొదట్లో నన్ను సారు అని పిలిచింది. నేనింకా వకీలును కాలేదమ్మా అని చెప్పాను.

"ఐతే అన్నా అని పిలుస్త," అంది.

ఆమెకు కోర్టులో చెప్పాల్సింది ఒకటుంది. ఆ సాయంత్రం ఆమె రోడ్డు పక్క చేనులోనే ఉంది. చప్పుడు విని ఉరికింది. ఆమె చేరేసరికి ఓనరు కొడుకు టిప్పర్ దిగి నిలబడి ఉన్నాడు. ఈరన్నకు ప్రాణముంది, నీళ్లడిగాడు. ఆ టిప్పర్‌లోనే వేసుకుని గద్వాల దవాఖానకు పోదామని ఆమె బతిమిలాడింది. ఓనరు కొడుకు అటూ ఇటూ చూసి, ఎక్కి, వెళ్లిపోయాడు. అంబులెన్సు వచ్చేసరికి ఈరన్న లేడు. ఈ సంగతి ఆమె నాకు ఎప్పుడు చెప్పినా ఒకే తీరుగా చెప్పేది. ఏడవకుండా, ఒక్క మాట అటూ ఇటూ కాకుండా. లోపల సినిమాలో లెక్క నిలబడి అంతా చెప్పనిస్తారా అని అడిగింది. చెప్పనివ్వరు, అడిగినదానికే జవాబు చెప్పాలి అన్నాను. అర్థమైనట్టు తలూపింది.

సాక్ష్యం రోజు వచ్చింది. ఫైళ్లు అందించడానికి ఆ రోజు నేను బోను దగ్గరే, మా సీనియర్ పక్కన నిలబడ్డాను. ఒక సాక్షి చెబుతుంటే మరో సాక్షి లోపల ఉండకూడదు. జములమ్మ వరండాలో కూర్చుంది. తిమ్మప్ప చంకలో కర్రతో బోనెక్కాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. సర్కారు వకీలు చీఫ్ ఎగ్జామినేషన్ మొదలుపెట్టాడు. అంటే సొంత పక్షం సాక్షి చేత జరిగింది చెప్పించడం. ఊరు, పేరు, ఈరన్న ఏమవుతాడు, అంతా సరిగ్గానే చెప్పాడు. ఆ సాయంత్రం దగ్గరికొచ్చాక తల దించుకున్నాడు.

"వాన పడి రోడ్డంత బురదుండె సార్. మా అన్న బండి జారింది. మల్ల నాకేం తెల్వదు. దవాఖానల తెలివికొచ్చిన."

టిప్పర్ సంగతి అడిగారు. చూడలేదన్నాడు. మరి ఫిర్యాదులో ఉన్నదేమిటంటే, పోలీసులు రాసుకొచ్చిన కాగితం మీద సంతకం పెట్టానని, అందులో ఏముందో తెలియదని చెప్పాడు. సొంత పక్షానికి ఎదురు తిరిగిన సాక్షిని కోర్టు భాషలో 'హోస్టైల్' అంటారు. అప్పుడు సర్కారు వకీలు అనుమతి తీసుకుని తన సాక్షినే క్రాస్ ఎగ్జామిన్ చేస్తాడు, అంటే ఎదుటి పక్షం సాక్షిలా నిలదీస్తాడు. ఆయన నిలదీశాడు. ప్రతిదానికీ తిమ్మప్ప కాదనే చెప్పాడు. గట్టిగా ఏం కాదు, నీరసంగా. ముద్దాయి తరఫు వకీలుకు అతణ్ని అడగాల్సింది ఏమీ మిగలలేదు.

నేను మా సీనియర్ వైపు చూశాను. ఆయన పెన్ను మూత పెడుతున్నాడు. తిమ్మప్ప ఇప్పుడు ఆ టిప్పర్ ఓనరుకున్న పత్తి జిన్నింగ్ మిల్లులోనే వాచ్‌మన్‌గా ఉన్నాడని మెల్లగా చెప్పాడు. ఆయనకూ ఆ సంగతి ఆ పొద్దున్నే తెలిసిందట.

వెంటనే జములమ్మ పేరు పిలిచారు. తిమ్మప్ప ఒక తలుపులోంచి బయటికి పోతుంటే ఆమె ఇంకో తలుపులోంచి లోపలికొచ్చింది. తను విన్నది, చూసింది వరసగా చెప్పింది. ముద్దాయి వకీలు లేచాడు. పెద్దాయన, కటువుగా మాట్లాడే మనిషి కాదు. టిప్పర్ గుద్దడం నీ కళ్లతో చూశావా అని అడిగాడు.

"సప్పుడు ఇని ఉరికిన సార్."

"చూశావా, లేదా?"

"గుద్దంగ సూడలే."

టైపు మిషన్ చప్పుడు వినిపించింది. తర్వాత ఆయన, ఓనరు కొడుకు టిప్పర్ దిగి చూసి వెళ్లిపోయాడని నువ్వు పోలీసులకు చెప్పలేదు కదా అన్నాడు. చెప్పానంది. నీ స్టేట్‌మెంట్‌లో లేదన్నాడు. స్టేట్‌మెంట్ అంటే దర్యాప్తులో సాక్షి చెప్పింది పోలీసులు రాసుకునేది. దాని మీద సాక్షి సంతకం కూడా ఉండదు. అందులో ఉన్నది దానికదే రుజువు కాదు, అందులో లేనిది మాత్రం సాక్షి మెడకు చుట్టుకుంటుంది.

"ఆల్లు రాసుకోలేదేమో సార్. నేనైతే చెప్పిన."

"ఇప్పుడు వకీళ్లు నేర్పితే చెబుతున్నావు."

"నీల్లు నేనే పోసిన ఆయన నోట్ల. నాకెవరు నేర్పుతరు?"

మేజిస్ట్రేట్ మేడం కోప్పడకుండానే, అడిగినదానికి అవును, కాదు అని చెప్పమ్మా అన్నారు. జములమ్మ కాదు అంది. టైపిస్టు కాదు అనే కొట్టింది. నీళ్ల మాట కాగితం మీదికి ఎక్కలేదు.

బయట వేపచెట్టు కింద ఆమె ముఖం తుడుచుకుంటోంది. చెప్పాల్సింది చెప్పేశానన్న తేలిక ఆమెలో కనబడింది. నన్ను చూడగానే అడిగింది.

"మా తిమ్మప్ప మంచిగ చెప్పిండా అన్నా? బోను జూసి బెదిరిండా?"

మా సీనియర్ ఫోన్ మాట్లాడుతూ దూరంగా వెళ్లాడు. చెప్పాల్సిన పని నాకే మిగిలింది. బండి జారి పడ్డామని చెప్పాడమ్మా, టిప్పర్ చూడలేదన్నాడు అన్నాను. ఆమె మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, బస్సు టైమైంది అంది.

ఆ ఊరికి పోయే బస్సులు తక్కువ. ఆమెను ఒక్కదాన్నే పంపబుద్ధి కాక బస్టాండు దాకా వెళ్లాను. తిమ్మప్ప అప్పటికే ప్లాట్‌ఫామ్ మీద ఉన్నాడు. ఆమె నేరుగా అతని దగ్గరికి వెళ్లింది.

"మీ అన్న నీల్లడిగింది యాది లేదా తిమ్మప్పా?"

"యాదున్నది వదినా." అతను తన కాలు లేని వైపు చూసుకున్నాడు. "నన్ను చేనుకు ఎవరు పిలుస్తరు? ఆ మిల్లు ఇడిస్తే పిల్లలు ఏం తింటరు? అన్న ఎట్లైన రాడు."

"రాడు," అంది ఆమె. "నాకెరుకే."

బస్సు వచ్చింది. తోపులాటలో తిమ్మప్పకు కాలు లేదని ముందు ఎక్కనిచ్చారు. అతను కిటికీ పక్క కూర్చుని పక్క సీటు మీద తువ్వాలు పరిచి వదినా అని పిలిచాడు. బస్సులో వేరే చోటు లేదు. జములమ్మ తువ్వాలు తీసి అతని ఒళ్లో పెట్టి, ఆ సీట్లోనే కూర్చుంది. బస్సు కదిలేదాకా ఇద్దరూ ముందుకే చూస్తున్నారు.

కొన్ని నెలలకు తీర్పు వచ్చింది. ఆ రోజు ఆమె రాలేదు. ముద్దాయి నేరం చేశాడని నిస్సందేహంగా రుజువు కాలేదు కాబట్టి విడుదల. అంతే. బయట ఓనరు మనుషులు మిఠాయి పంచారు. మా సీనియర్ కబురు చెప్పి రమ్మని నన్ను పంపాడు. అప్పీలుకు పోవచ్చని కూడా చెప్పమన్నాడు. సాక్ష్యమే లేని కేసులో అప్పీలు ఎంత దూరం పోతుందో ఆయనకూ తెలుసు.

జములమ్మ చేనులో ఉంది. పత్తి పూలు తుంచుతూనే విన్నది. నేను చెప్పడం అయ్యాక అడిగింది.

"అంటె, ఆయన తనంతట తనే పడి సచ్చిపోయిండని రాసిన్రా?"

అలా రాయలేదన్నాను. చట్టంలో మూడు మాటలుంటాయి. రుజువైంది, అబద్ధమని తేలింది, రుజువు కాలేదు. కోర్టు చెప్పింది మూడోది. టిప్పర్ గుద్దలేదని కాదు, గుద్దిందని చూపించలేకపోయారని. ఆ ఏడాదే పాత సాక్ష్య చట్టం పోయి కొత్తది వచ్చింది. సెక్షన్ నంబర్లు మారాయి గాని ఆ మూడు మాటలు మారలేదు. పరీక్షలో రెండు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్న జవాబు అది. ఆమె శ్రద్ధగా విన్నది.

"ఊర్లెకు పోయి ఇది ఎట్ల చెప్పాలె అన్నా? జనం ఆయన తాగి పడ్డడంటున్నరు. రుజువు కాలేదంతె అని చెప్పాలెనా?"

అప్పీలు సంగతి చెప్పాను. వద్దంది. తిమ్మప్పను మళ్లీ బోనెక్కిస్తారా అని అడిగింది. ఎక్కించకపోవచ్చన్నాను. అదే మంచిది, వాడు నాకు ముఖం చూపించలేక వెనక దారిన తిరుగుతున్నాడు అంది. మళ్లీ పూల మీదికి వంగింది.

నేను ఇప్పుడు వకీలును. గౌను వేసుకుంటున్నాను. కక్షిదారు వస్తే మా కాలేజీలో నేర్పినట్టు ముందు జరిగిందేమిటో అడగాలి, తర్వాత చట్టం వెతకాలి. నేను అలా చెయ్యను. కుర్చీ చూపించి, నీళ్లిచ్చి, నీ సాక్షి ఎవరు అని అడుగుతాను. పేరు చెబుతారు. ఆ సాక్షి ఎవరి దగ్గర పని చేస్తాడని అడుగుతాను. ఆ జవాబు విన్నాక, చాలాసార్లు, మిగతాది అడగాల్సిన పని ఉండదు.