చేపల దాలయ్య హారన్

చేపల దాలయ్య గొంతు పోగొట్టుకున్నది తన చేతులారానే. అందులో ఇంకొకరిని అనడానికేమీ లేదు. సముద్రపు గాలికి చుట్ట నిలవదని, మండే కొస నోట్లోకి తిప్పి అడ్డపొగ తాగడం వాళ్ల జాలరిపేటలో ఆడామగా అందరికీ అలవాటే. నోరు కాలదా అని బయటివాళ్లు అడిగితే నవ్వేవారు. దాలయ్య కూడా నవ్వాడు, అంగిట్లో పుండు లేచేదాకా. పెద్దాసుపత్రిలో పుండుతో పాటు అంగిలి కూడా కొంత కోసేశారు. ప్రాణం దక్కింది గానీ మాట ముక్కులోకి పోయింది. ఏమన్నా ఒకటే గూంగూంమనే మోత. ఆ మోతలో మాట వెతుక్కోగలిగింది వాళ్లావిడ దేముడమ్మ ఒక్కతే.

చేపలమ్మేవాడికి గొంతు లేకపోతే ఎలా? సైకిలు వెనక టబ్బు కట్టుకుని, సరుగుడు తోటలు దాటి, జీడితోటల మధ్య నుంచి భోగాపురం వైపు ఊళ్లన్నీ తిరిగి అమ్మాలి. ఒకప్పుడు "సేపలోయ్" అని అరిస్తే మూడు వీధులకి వినబడేది. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి అరిస్తే అరుగుల మీదవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. దాలయ్య చేపలన్నీ తిరిగి ఇంటికి తెచ్చేశాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

దేముడమ్మ విజయనగరం వెళ్లి పాత లారీ సామాన్ల కొట్లో ఇత్తడి హారన్ ఒకటి పట్టుకొచ్చింది, రబ్బరు బుడ్డి నొక్కితే మోగే రకం. హ్యాండిల్‌కి తనే బిగించింది.

"ఇకనుంచి ఇదే నీ నోరు మావా. నాతోటి దెబ్బలాడినప్పుడు మాత్తరం దీన్ని వాడకు," అంది.

అది నిజంగానే నోరైపోయింది. రెండుసార్లు మోగితే కవళ్ల చేపలు, మూడుసార్లయితే రొయ్యలు, పొడుగ్గా సాగదీస్తే మంచి చేప పడింది, తొందరగా రండి అని. మిషన్ కాలనీలో అన్నమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేవకుండానే ఇవాళేం వచ్చిందో చెప్పేసేది. ఆదివారం చర్చి వదిలాక ఆ కాలనీలో ఇంటింటా చేపల కూరే. మిగతా రోజుల తిరుగుడంతా ఒక ఎత్తు, ఆదివారం ఒక్కటీ ఒక ఎత్తు. ఆ రోజు టబ్బు ఖాళీ అయితేనే దాలయ్య ఇంట్లో వారమంతా పొయ్యి వెలిగేది.

దాలయ్య తిరిగే ఆ దారి మీద పట్నం సైకిళ్లవాళ్ల కన్ను పడింది. ఆదివారం తెల్లవారగానే విశాఖపట్నం నుంచి గుంపుగా వచ్చేవారు. ఒంటికి అతుక్కున్న రంగురంగుల చొక్కాలు, నెత్తిన హెల్మెట్లు, ఒంటిచేత్తో ఎత్తేయగల సైకిళ్లు. అబ్బ, ఎంత నిశ్శబ్దంగా ఉందో అని ఒకటే మురిసిపోయారు. ఎందుకుండదూ? బస్సు వేయండి బాబూ అని ఊళ్లకి ఊళ్లు మొత్తుకున్నా వేసిన పాపాన పోలేదు ఎవరూ. రోగమొస్తే మంచం మీద మోసుకుపోయే దారి అది. దాన్ని చూసి వీళ్లు ఫొటోలు దిగారు.

విమానాశ్రయం వస్తుందన్న కబురు విని ఆ దారి పక్కన జీడితోట ఒకటి కొని పెట్టుకున్న బట్టల వ్యాపారి నగరేశ్వరరావుకి ఇదంతా కలిసొచ్చింది. తోటలో గదులు కట్టాడు. సైకిళ్లవాళ్లకి పలహారాలు పెట్టాడు. దారి మొదట్లో బోర్డు పాతాడు: 'నిశ్శబ్దపు దారి. హారన్ మోగించరాదు.' ఊళ్లో కొందరికి తోటలో పనులిచ్చాడు కాబట్టి పెద్దలెవరూ నోరెత్తలేదు.

ఒక ఆదివారం ఆయన దాలయ్యని తోట గేటు దగ్గర ఆపాడు. పక్కన ఊరి పెద్ద లక్ష్ముడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సూడు దాలయ్యా, పట్నంవోళ్లు నిమ్మళం కోసమని వస్తన్నారు. నీ మోతకి ఉలికిపడతన్నారు. ఆదివారం ఒక్కరోజూ ఆ హారన్ ఇక్కడ పెట్టేసి, సాయంత్రం పట్టుకుపో. ఒక్కరోజుకి ఏటైపోద్ది?" అన్నాడు నగరేశ్వరరావు.

ఆ ఒక్కరోజే నా బతుకు బాబూ అని దాలయ్య చెప్పాడు. గూంగూంమని వినబడింది. వరండాలో కాఫీ తాగుతున్న ఒకాయన నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు.

"ఒప్పుకున్నాడు లెండి బాబూ," అనేశాడు లక్ష్ముడు. అని తనే మరలు విప్పి హారన్ తీసి ఇచ్చాడు.

దాలయ్య ఆ రోజు కాలనీలో సైకిలు బెల్లు కొట్టాడు. బెల్లయితే పాలవాడికీ ఉంది, ఐసువాడికీ ఉంది. ఎవరూ బయటికి రాలేదు. ఎండెక్కి చేప మెత్తబడిపోయింది. సాయంత్రం గేటు దగ్గరకి వెళితే అయ్యగారు లేరు, రేపు రమ్మన్నారు. రేపు వెళితే మాపు రమ్మన్నారు. చివరికి వరండా గోడకి తన హారన్ వేలాడుతూ కనబడింది. ఇత్తడి తళతళా తోమారు. కింద అట్టముక్క మీద అందంగా రాశారు, 'పల్లె పిలుపు' అని.

తర్వాతి ఆదివారం సైకిళ్లవాళ్లు ఉప్మా తిని, ఒకరి తర్వాత ఒకరు ఆ బుడ్డి నొక్కుతూ ఫొటోలు దిగారు. నిశ్శబ్దం కోసం వచ్చిన మహానుభావులే. తోట పక్కనే కాలనీ. పొడుగ్గా మోగేసరికి అన్నమ్మ, మిగతా ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని రోడ్డు మీదకి పరుగెత్తుకొచ్చారు. చేపా లేదు, చేపలవాడూ లేడు. ఎండలో నిలబడి నిలబడి తిట్టుకుంటూ లోపలికి పోయారు. ఆ తర్వాత వచ్చాడు దాలయ్య, పాపం, ఏమీ తెలియకుండా.

"ఏటి దాలయ్యా, హారన్ కొట్టీసి ఎటు పోయినావు? ఆడోళ్లతోటా నీ పరాసికాలు?" అంది అన్నమ్మ.

దాలయ్య తోట వైపు చెయ్యి చూపించి చెప్పబోయాడు. చెప్పినకొద్దీ గూంగూం పెద్దదైంది.

"తెలుగులో సెప్పు," అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. అన్నమ్మ కూడా నవ్వింది. ఆ వారం నుంచి కాలనీలో ఆదివారం కోడికూర వండుకోవడం మొదలుపెట్టారు.

ఇంకో హారన్ కొనుక్కోవచ్చు కదా అంటారేమో. ఆ రకం ఇప్పుడు ఏ కొట్లోనూ లేదు. ఉన్నా ఆదివారం మోగించనిచ్చేదెవరు? దేముడమ్మే ఉండబట్టలేక తోటకి వెళ్లి నిలదీసింది.

"వచ్చినోళ్లకి అదంటే ఇష్టమమ్మా. ఊరి గుర్తుగా ఉంచినాం," అన్నాడు నగరేశ్వరరావు, మెత్తగా.

"ఊరి గుర్తు మా ఆయన అంగిట్లో ఉన్నాది బాబూ, కన్నం. దాన్ని కూడా తగిలించుకోండి," అంది దేముడమ్మ. కాపలావాళ్లు ఆమెను గేటు బయట వదిలేశారు.

మళ్లీ ఆదివారం వచ్చింది. టబ్బులో కవళ్లు వేసుకుని దాలయ్య బయల్దేరాడు. తోట దాటాక దారి మొగలి డొంకల మధ్య నుంచి గిర్రున తిరుగుతుంది. ఆ మలుపులో అవతల ఏనుగు వచ్చినా కనబడదు. అక్కడికి రాగానే అలవాటుగా చెయ్యి బుడ్డి మీదికి పోయింది. ఖాళీ హ్యాండిల్ తగిలింది. అరవబోయాడు, గాలి ముక్కులోంచి పోయింది. బెల్లు కొట్టాడు. ఎదురుగా వస్తున్న సైకిళ్లవాళ్లు చెవుల్లో పాటలు పెట్టుకున్నారు.

ముందు వస్తున్నవాడు నేరుగా వచ్చి గుద్దేశాడు. అతనికి మోచెయ్యి గీరుకుంది. దాలయ్య మొగలి ముళ్లలో పడ్డాడు, మోకాలి కింద ఎముక విరిగి బయటికొచ్చింది. కవళ్లు రోడ్డంతా చెల్లాచెదురయ్యాయి.

నగరేశ్వరరావు కారులో వచ్చాడు. ముందు ఆ మోచెయ్యికి మందు రాయించాడు. తర్వాత దాలయ్య వైపు తిరిగాడు.

"మలుపులో హారన్ కొట్టాలని తెలీదేటి నీకు?"

దాలయ్య ఆయన కళ్లలోకి చూశాడు. ముక్కు రెండు వేళ్లతో గట్టిగా మూసుకుని, ఉన్న కొద్దిపాటి గొంతునీ కూడగట్టుకుని ఒక్కొక్క మాటే పలికాడు.

"నా నోరు నీ గోడకి ఏలాడతన్నాది. అది తెచ్చి ఇయ్యి. అప్పుడు సెప్తాను."

ఈసారి దగ్గరగా ఉన్న నగరేశ్వరరావుకి మాట తెలిసింది. ఆయన మొహం ఒక్క క్షణం నల్లబడింది.

"ఏమంటున్నాడండీ?" అడిగాడు మోచేతికి కట్టు కట్టించుకున్నాయన.

"తప్పు తనదేనంటన్నాడు. క్షమించమని బతిమాలతన్నాడు," అన్నాడు నగరేశ్వరరావు.

ఆ మాటకి సైకిలాయన మనసు కరిగింది. దగ్గరికొచ్చి, వంగి దాలయ్య భుజం తట్టాడు.

"పర్వాలేదు పెద్దాయనా, నేనేమీ అనుకోను."

దాలయ్య మళ్లీ ముక్కు మూసుకుని చెప్పబోయాడు. అప్పటికే వాళ్లు కారెక్కుతున్నారు.