శాంతమూర్తి కాదు మా అక్క

కద్మాలోని ఇంట్లో మా అక్క పోయింది. గుండెపోటు. రక్తసంబంధం కాదు, మా ఆసుపత్రిలో నెట్‌వర్క్ పని నాకు నేర్పిన మనిషి. సంతాప సభలో మా ఆసుపత్రి పెద్ద అధికారి ఆమెను శాంతమూర్తి అన్నారు, ఎవరినీ నొప్పించలేదన్నారు. నాకు ఒళ్లు మండింది. అక్కకు బోలెడు కోపం ఉండేది. చూడకుండానే తీర్పు చెప్పేవాళ్లను ఎదురుగానే కడిగేసేది.

ఒకసారి భుయ్యాడీహ్‌లోని మా చిన్న క్లినిక్‌కు రక్తపరీక్షల రిపోర్టులు అందడం ఆగిపోయింది. లైను బాగానే ఉంది. రిసెప్షన్‌లో ఉండే కాంట్రాక్టు అమ్మాయి ఏదో పాడుచేసిందని ఆ అధికారే తేల్చేశారు. ఆమెను తీసేసే కాగితం మీద అక్క సంతకం అడిగారు.

ఫలానా చోటికి నా మీదుగా వెళ్లవచ్చని, నెట్‌వర్క్‌లను కలిపే రౌటర్లు ఒకదానికొకటి దారి చెప్పుకుంటాయి. ఏ దారిని ఒప్పుకోవాలో, దేన్ని వదిలేయాలో వడకట్టే నియమాలు ఉంటాయి. నేను క్లినిక్ రౌటర్‌నే పట్టుకుని వేలాడుతున్నాను. అక్క కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

"ఇది సెప్తంది కదా. అవతలోడు ఇంటన్నాడో నేదో సూసినావేటి? ఆడు ఇనకపోతే, తప్పు దీని నోటిదా, ఆడి చెవిదా?"

ఆసుపత్రి రౌటర్‌లో చూశాం. అధికారి పిలిపించిన కంపెనీవాళ్లు ముందురోజే నియమాలు మార్చి, ఒప్పుకోవాల్సిన దారుల్లో భుయ్యాడీహ్‌ను చేర్చడం మరిచారు. క్లినిక్ చెబుతున్న దారిని ఇక్కడి రౌటర్ పారేస్తోంది. దాన్ని చేర్చాక రిపోర్టులు వెళ్లాయి.

సమస్య తీరింది కదా, కాగితంలో అమ్మాయి పేరు అలాగే ఉండనీ అన్నారు అధికారి. కంపెనీవాళ్లు ఆయనకు కావలసినవాళ్లు.

"తప్పు మీవోళ్లది సార్. ఆ పిల్ల పేరు తీసీదాకా నానిక్కణ్ణుంచి కదల్ను," అంది అక్క.

పేరు తీశారు. నెల తిరక్కుండానే అక్కను పాత యంత్రాలు పడేసే గదికి మార్చారు. చివరిదాకా అక్కడే ఉంచారు. అయినా ఎక్కడ ఏది ఆగినా మేం ఫోన్ చేసింది ఆమెకే. విసుక్కునేది, కానీ ఫోన్ పెట్టేసేది కాదు. సభలో ఈ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. మనిషి బతికుండగా మూల కూర్చోబెట్టి, పోయాక ఆమె కోపాన్ని కూడా లాగేసుకున్నారు.

దహనం రోజు సువర్ణరేఖ నది ఒడ్డుకు ఆ అమ్మాయి డ్యూటీ మధ్యలో, క్లినిక్ యూనిఫాంలోనే వచ్చింది. చెప్పులు విప్పి చేత పట్టుకుంది. కాలిపోతున్న ఇసుక మీద, చితి వైపు చూస్తూ, వట్టి కాళ్లతో అలాగే నిలబడింది.