మల్‌సున్‌ని చర్చికి తెచ్చిందెవరు

జెజు దీవిలో డెబ్బై ఏళ్ళొచ్చినా సముద్రంలో మునిగి నత్తలు ఏరే చున్‌హ్వాని పాస్టరుగారు ఏటా అడిగేవారు: "ఈసారైనా ఎవరినన్నా చర్చికి తెచ్చావా అమ్మా?"

"మా పనిలో నోరు తెరిస్తే ఉప్పునీళ్ళే లోపలికి పోతాయండీ" అని నవ్వేసేది.

ఆమెతోపాటే మునిగే మల్‌సున్‌కి యేసు పేరెత్తితే చాలు, ఒళ్ళు మండిపోయేది. వయసు మీదపడి, ఊపిరి చాలక మల్‌సున్ ఖాళీ వలసంచితో తేలినప్పుడల్లా చున్‌హ్వా తన నత్తలు రెండు గుప్పెళ్ళు అందులో వేసేది.

ఈస్టరునాడు మల్‌సున్ చర్చిలో ఊడిపడింది.

"ఎవరు పిలిచారమ్మా?" అన్నారు పాస్టరుగారు.

"ఎవరూ పిలవలేదు! ఇది ఆరేళ్ళుగా నా సంచి నింపుతోంది, ఒక్కనాడైనా చర్చికి రమ్మందా? నేనంత పనికిరానిదాన్నా? అది అడుగుదామనే వచ్చా!"

చున్‌హ్వా బల్లమీద కాస్త పక్కకి జరిగింది.